హెచ్‌డీ రికార్డర్: పని మొదలయ్యేది డాబా మీద

డీటీహెచ్ హెచ్‌డీ రికార్డర్ అంటే హార్డ్‌డిస్క్ ఉన్న సెట్‌టాప్ బాక్స్. మామూలు బాక్సు ఉపగ్రహం నుంచి వచ్చిన సిగ్నల్‌ను విప్పి టీవీకి పంపి ఊరుకుంటుంది. రికార్డర్ ఆ సిగ్నల్‌ను డిస్క్‌లో దాచి, అడిగినప్పుడు చూపిస్తుంది. నడుస్తున్న కార్యక్రమాన్ని మధ్యలో ఆపి, అన్నం తినివచ్చి అక్కడి నుంచే చూసే వీలూ ఇస్తుంది. ఇలాంటి యంత్రాలు 1999లో అమెరికాలో టివో, రీప్లేటీవీ పేర్లతో మార్కెట్లోకి వచ్చాయి. బ్రిటన్‌లో స్కై ప్లస్ 2001లో, మన దేశంలో టాటా స్కై ప్లస్ 2008లో మొదలయ్యాయి. హెచ్‌డీ రికార్డర్లు మనకు ఆ తర్వాత కొన్నేళ్లకు అందాయి. కొన్ని బాక్సుల్లో డిస్క్ లోపలే ఉంటుంది, కొన్నింటికి యూఎస్‌బీ డిస్క్ బయట తగిలించాలి.

రికార్డర్‌కు ఒక ప్రత్యేకత ఉంది. దాని అసలు పని ఇంట్లో ఎవరూ టీవీ ముందు లేనప్పుడు జరుగుతుంది. ఎదురుగా కూర్చున్న మనిషి బొమ్మ చెదిరితే వైరు కదిపి చూస్తాడు, వాన తగ్గేదాకా ఆగుతాడు. రికార్డర్‌కు ఆ అవకాశం లేదు. అర నిమిషం సిగ్నల్ పోతే ఆ అర నిమిషం ఇక ఎప్పటికీ రాదు. అందుకే మామూలు బాక్సుకు సరిపోయే అమరిక రికార్డర్‌కు చాలదు. లోపాలు ఎక్కువగా దొరికేది కూడా బాక్సులో కాదు. డాబా మీది డిష్‌లో, అక్కడి నుంచి కిందికి దిగే వైరులో.

డీటీహెచ్ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు నేరుగా పైన, 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. టాటా ప్లే (పాత పేరు టాటా స్కై) ఉపగ్రహాలు 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, ఎయిర్‌టెల్ వాడే ఎస్‌ఈఎస్-7 108.2 డిగ్రీల మీద ఉన్నాయి. విశాఖపట్నం దాదాపు 83 డిగ్రీల రేఖాంశం మీదే ఉంది కాబట్టి అక్కడ టాటా ప్లే డిష్ దాదాపు నేరుగా దక్షిణం వైపు చూస్తుంది. హైదరాబాద్‌లో అదే డిష్‌ను దక్షిణం నుంచి సుమారు 15 డిగ్రీలు తూర్పుకు తిప్పాలి. ఉపగ్రహం నేల నుంచి 69 డిగ్రీల ఎత్తున, అంటే బాగా నడినెత్తి వైపు ఉంటుంది. ఎయిర్‌టెల్ డిష్ హైదరాబాద్‌లో ఆగ్నేయం దాటి ఇంకా తూర్పుకు తిరుగుతుంది, ఎత్తు 50 డిగ్రీల దగ్గర ఉంటుంది. డిష్‌ను చూస్తే మాత్రం అంత పైకి చూస్తున్నట్టు కనిపించదు. ఇళ్ల మీద వాడేవి ఆఫ్‌సెట్ డిష్‌లు. తరంగాలు వాటి మీద ఏటవాలుగా పడి, కింది వైపు చాచిన చేయి చివర సిగ్నల్‌ను అందుకోవడానికి ఉండే ఎల్‌ఎన్‌బీలో చేరతాయి. కాబట్టి పక్కింటి డిష్ వాలును కంటితో చూసి కాపీ కొట్టడం కంటే బ్రాకెట్ మీద ముద్రించిన డిగ్రీల గీతను నమ్మడం మంచిది. ఆ గీత నిజం చెప్పాలంటే ముందు డిష్‌ను నిలబెట్టే గొట్టం తిన్నగా నిలువుగా ఉండాలి. మేస్త్రీ దగ్గర దొరికే తూకపు గుండు చాలు, అది తేల్చేస్తుంది.

బోల్టులు బిగించే ముందు బాక్సు మెనూలో సిగ్నల్ పేజీ తెరవాలి. అందులో స్ట్రెంగ్త్, క్వాలిటీ అని రెండు గీతలు కనిపిస్తాయి. స్ట్రెంగ్త్ నిండుగా ఉన్నంతమాత్రాన డిష్ కుదిరినట్టు కాదు. ఎటు చూస్తున్నా ఎల్‌ఎన్‌బీ కొంత శక్తిని పంపిస్తూనే ఉంటుంది. కావలసిన ఉపగ్రహం సరిగ్గా దొరికిందా లేదా చెప్పేది క్వాలిటీయే. డిష్‌ను వెంట్రుకవాసి కదిపి, రెండు మూడు సెకన్లు ఆగి, అంకె పెరిగిందో తగ్గిందో చూసి మళ్లీ కదపాలి. ఓపిక కావలసిన పనే, కానీ ఇక్కడ పెట్టిన పావుగంట ఏళ్లపాటు కలిసొస్తుంది. హెచ్‌డీ ఛానళ్లను ఎక్కువగా డీవీబీ-ఎస్2 పద్ధతిలో, ఉన్న చోటులోనే ఎక్కువ సమాచారం ఇరికించి పంపుతారు. పాత ఎస్‌డీ ఛానళ్లకు బొటాబొటిగా సరిపోయిన డిష్ వీటి దగ్గర తడబడేది ఇందువల్లే. చివరగా బోల్టులు గట్టిగా బిగించాలి. కోతులు తిరిగే ఊళ్లలో ఈ మాట రెండుసార్లు చెప్పుకోవాలి. కొబ్బరిచెట్టో వేపచెట్టో డిష్ చూసే వైపు ఎదుగుతూ ఉంటే, ఈ ఏడు అడ్డం రాని కొమ్మ వచ్చే ఏడు వస్తుందని ముందే ఊహించాలి.

రికార్డర్ అమరికలో ఎక్కువమంది పొరపడేది వైరు దగ్గర. ఒక ఛానల్ చూస్తూ ఇంకో ఛానల్ రికార్డు చేయడానికి బాక్సులో రెండు ట్యూనర్లు ఉంటాయి. ఉపగ్రహం తరంగాలు అడ్డంగా కొన్ని, నిలువుగా కొన్ని వస్తాయి. ఏవి కావాలో బాక్సు అదే వైరు గుండా పైకి కరెంటు పంపి ఎల్‌ఎన్‌బీకి చెబుతుంది: 13 వోల్టులు పంపితే నిలువువి, 18 వోల్టులు పంపితే అడ్డంవి. ఒకే వైరును చిన్న స్ప్లిటర్‌తో రెండుగా చీల్చి రెండు ట్యూనర్లకు తగిలిస్తే ఒక ట్యూనర్ 13 అడుగుతుంది, రెండోది 18 అడుగుతుంది. ఎల్‌ఎన్‌బీ ఒకేసారి రెండూ ఇవ్వలేదు. దాంతో కొన్ని ఛానళ్ల జంటలు చక్కగా రికార్డవుతాయి, కొన్ని జంటల్లో ఒకటి నల్లటి తెరగా మిగులుతుంది. ఏ రోజు ఏది పోతుందో అంతుబట్టక బాక్సు పాడైందనుకుంటారు. సరైన మార్గం, రెండు అవుట్‌పుట్‌లున్న ట్విన్ ఎల్‌ఎన్‌బీ పెట్టి రెండు వైర్లు విడివిడిగా దించడం. ఒకే వైరుతో రెండు ట్యూనర్లను నడిపే ప్రత్యేక ఎల్‌ఎన్‌బీలూ ఉన్నాయి కానీ, బాక్సుకు ఆ సదుపాయం ఉంటేనే అవి పనికొస్తాయి.

వైరు ఆర్‌జీ 6 రకానిది కావాలి, మధ్యలో అతుకు ఉండకూడదు. చివర తిప్పి బిగించే ఎఫ్ కనెక్టర్ దగ్గర చేయి నెమ్మదిగా ఆడాలి. మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి. చుట్టూ ఉండే అల్లిక తీగల్లో ఒక్క పోగు కూడా దానికి తగలకూడదు. తగిలితే షార్ట్ అయి సిగ్నల్ మొత్తం పోతుంది. డాబా మీది కనెక్టర్లకు రబ్బరు తొడుగు వేయాలి. వైరు గోడలోకి దూరే చోట రంధ్రం కన్నా కిందికి ఒక వంపు వదిలితే వాననీరు ఆ వంపు నుంచి కారిపోతుంది. ఈ వంపు లేని ఇళ్లలో నీళ్లు వైరు వెంబడే లోపలికి నడిచి వస్తాయి.

ఎంత బాగా అమర్చినా రెండు విషయాలు చేతిలో లేవు. డీటీహెచ్ వాడే కేయూ బ్యాండ్ తరంగాలను జోరువాన పీల్చేస్తుంది. క్వాలిటీ ఎక్కువగా ఉంటే అంతరాయం ఆలస్యంగా మొదలై త్వరగా ముగుస్తుంది, అంతే. రెండోది సూర్యుడు. మన ప్రాంతంలో మార్చి రెండో వారానికి అటూఇటూగా, మళ్లీ సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కొన్ని రోజులపాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు. 83 డిగ్రీల ఉపగ్రహం విషయంలో అది మధ్యాహ్నం పన్నెండుకు అటూఇటూగా, కొద్ది నిమిషాలు ఉంటుంది. ఆ సమయంలో బొమ్మ చెదిరితే డిష్‌ను ముట్టుకోకపోవడమే మేలు.

ఇక ఇంట్లో. బాక్సును టీవీకి హెచ్‌డీఎంఐ వైరుతోనే కలపాలి. పాత ఎరుపు, తెలుపు, పసుపు వైర్లు వాడితే డిస్క్‌లో హెచ్‌డీ ఉన్నా తెర మీద ఎస్‌డీయే కనిపిస్తుంది. సెట్టింగుల్లో 1080ఐ ఎంచుకోవాలి. హార్డ్‌డిస్క్ తిరుగుతూ వేడెక్కుతుంది కాబట్టి బాక్సును మూసిన అలమరలో పెట్టకూడదు, దాని మీద ఇంకే పెట్టె పెట్టకూడదు. రాత్రి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ కట్టేసే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. మంచి అలవాటే, కానీ రికార్డర్ విషయంలో మానుకోవాలి. రిమోట్‌తో స్టాండ్‌బైలో పెడితే బాక్సు సమయానికి లేచి పనిచేస్తుంది, స్విచ్ కట్టేస్తే లేవలేదు. కరెంటు తరచూ పోయే చోట బాక్సును ఇన్వర్టర్ లైనులో కలపాలి. ఇన్వర్టర్ అందుకునే లోపు వచ్చే క్షణం పాటి ఖాళీకి కూడా బాక్సు రీస్టార్ట్ అవుతుంటే, కంప్యూటర్‌కు వాడే చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు.

డిస్క్‌లో ఎంత పడుతుందన్నది లెక్కకు అందే విషయం. హెచ్‌డీ ఛానల్ సెకనుకు 6 మెగాబిట్లు వాడుతుందనుకుంటే గంటకు 2.7 జీబీ అవుతుంది. 500 జీబీ డిస్క్‌లో బాక్సు తన అవసరాలకు తీసుకున్నది పోగా సుమారు 150 గంటలు మిగులుతాయి. ఎస్‌డీ అయితే అంతకు మూడింతలు పట్టవచ్చు. వచ్చిన సిగ్నల్‌ను ఉన్నదున్నట్టు రాసుకుంటుంది కాబట్టి రికార్డింగ్‌లో నాణ్యత తగ్గదు.

టైమింగ్ పెట్టేటప్పుడు ప్రోగ్రామ్ గైడ్‌లోని వేళలను పూర్తిగా నమ్మకూడదు. సినిమాకు ముందు 5 నిమిషాలు, తర్వాత 15 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. క్రికెట్ మ్యాచ్‌కు అదీ చాలదు. వాన పడ్డా, మ్యాచ్ సూపర్ ఓవర్‌కు వెళ్లినా గైడ్‌లోని వేళ దాటిపోతుంది. అందుకే ఆ తర్వాతి కార్యక్రమాన్ని కూడా రికార్డుకు పెట్టడం తెలివైన పని. సీరియల్‌కు ఒకసారి సిరీస్ రికార్డు పెడితే రోజూ దానంతటదే పడుతుంది. ముఖ్యమైనది పెట్టే ముందురోజు రెండు ఛానళ్లను ఒకేసారి పది నిమిషాలు రికార్డు చేసి చూసుకుంటే రెండు వైర్లూ పనిచేస్తున్నాయో లేదో తేలిపోతుంది.

యూఎస్‌బీ డిస్క్ తగిలించే బాక్సయితే, మొదటిసారి ఆ డిస్క్‌ను ఫార్మాట్ చేస్తుంది. పెళ్లి ఫొటోలున్న డిస్క్‌ను పొరపాటున కూడా పెట్టకూడదు. రికార్డయినవి తాళం వేసి ఉంటాయి. ఆ డిస్క్‌ను కంప్యూటర్‌కో పక్కింటి బాక్సుకో కలిపితే తెరుచుకోవు. చాలా బాక్సుల్లో రీఛార్జ్ అయిపోతే పాతవీ ఆడవు. కంపెనీ మారినా, బాక్సు చెడిపోయి కొత్తది వచ్చినా లోపలివి దానితోనే పోతాయి. పిల్లలెవరైనా ‘పాడుతా తీయగా’ లాంటి కార్యక్రమంలో పాడితే, ఆ పాటను ఈ డిస్క్ మీద మాత్రమే ఉంచడం క్షేమం కాదు, ఛానల్‌ను అడిగి వేరే కాపీ తెచ్చుకోవాలి. మిగతావి బాక్సు మార్చేలోగా చూసేయాలి.