బొమ్మల చిత్రాలలో వీరుడు, రాక్షసుడు

బలవంతుడైన ఒక వీరుడు, వానికి ఎదురుగా ప్రాణాంతకుడైన ఒక రాక్షసుడు, వారిద్దరి నడుమ భయంతో వణికిపోయే ఒక ఊరు – ఈ మూడింటితో అల్లిన కథ చెప్పుకోని జాతి అరుదు. నేడు ఆ కథ బాలబాలికలకు ఎక్కువగా బొమ్మల చలనచిత్రాల రూపంలో అందుతున్నది. పెద్దలు దానిని పిల్లల కాలక్షేపమని తలచి తప్పుకుంటారు. కాని ఒక తరం తన బాల్యంలో ఎవరిని వీరుడుగా ఆరాధించినది, ఎవరిని రాక్షసుడుగా ద్వేషించినది అన్నది చిన్న విషయం కాదు. ఆ తరం పెద్దదైన తరువాత ఇరుగుపొరుగును చూసే చూపు కొంతవరకు ఆ కథలలోనే రూపు దిద్దుకుంటుంది. అందుచేత బొమ్మల చిత్రం తయారయ్యే విధానాన్ని క్లుప్తంగా వివరించి, అందులోని వీరుడూ రాక్షసుడూ మన తెలుగు, ఉర్దూ కథాసంప్రదాయాలలో ఎక్కడి నుండి వచ్చారో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బొమ్మ కదిలే విధం

తాండూరు నాపరాతి గనిని చూసినవారికి బొమ్మల చిత్రం సంగతి సులభంగా బోధపడుతుంది. గనిలో ఒకే బండగా కనిపించే రాయి నిజానికి పొరమీద పొరగా పేర్చినట్లుంటుంది. ఉలితో సందు చూసి కొడితే పలకలుగా విడివడుతుంది. చలనచిత్రం కూడా అటువంటిదే. తెరమీద ఒకే కదలికగా కనిపించేది నిజానికి వరుసగా పేర్చిన నిశ్చల చిత్రాల దొంతర. సాధారణంగా సెకనుకు 24 చిత్రాల చొప్పున అవి కన్నుల ముందు సాగిపోతాయి. ఒక చిత్రానికీ మరొక చిత్రానికీ మధ్య ఉన్న భేదం స్వల్పం కావడం వలన మన దృష్టి వాటిని విడివిడిగా గుర్తించలేక ఒకే చలనంగా గ్రహిస్తుంది.

మామూలు సినిమాలో నటుడు నడిస్తే కెమెరా ఆ నడకను పట్టుకుంటుంది. బొమ్మల చిత్రంలో నడిచేవాడు లేడు. ఆ నడకను మనిషే ఊహించి సృష్టించాలి. లెక్క వేసి చూడండి: నిమిషానికి 1,440 చిత్రాలు, గంటన్నర చిత్రానికి 1,29,600. ఒకే బొమ్మను వెంటవెంటనే రెండుమార్లు చూపి ఈ శ్రమను సగానికి తగ్గించే పద్ధతి కూడా ఉన్నది. కథను ముందుగా చిన్న చిన్న బొమ్మలుగా గీసుకోవడం, కదలికలో ముఖ్యమైన భంగిమలను ప్రధాన చిత్రకారుడు నిర్ణయించడం, వాటి నడుమ ఖాళీలను తక్కినవారు పూరించడం – ఇది దాని క్రమం. ఇప్పుడు కంప్యూటరు వచ్చి చేతిపనిని తగ్గించినది. కాని రాక్షసుడు అడుగు వేసినపుడు నేల అదిరినట్లు తోచాలంటే ఆ అడుగు బరువును ఊహించవలసినవాడు మనిషే.

తెరకు ముందున్న తెరలు

బొమ్మలు చూపుతూ కథ చెప్పే విద్య మనకు పరదేశం నుండి వచ్చినది కాదు. మన తెలంగాణలోని చేర్యాలలో నకాషీ చిత్రకారులు పొడవైన గుడ్డమీద కథను వరుస బొమ్మలుగా చిత్రిస్తారు. కథకులు ఆ చుట్టను కొద్దికొద్దిగా విప్పుతూ, బొమ్మవెంట బొమ్మ చూపుతూ పద్మశాలీలకు మార్కండేయ పురాణాన్ని, ఇతర కులాలవారికి వారివారి పురాణాలను వినిపించేవారు. ఇక తోలుబొమ్మలాటలో పలుచని తోలుకు రంగులు వేసి, కీళ్లు అమర్చి, వెనుక దీపం పెట్టి తెరమీద ఆడిస్తారు. చీకటిలో వెలుగుతూ కదిలే ఆ రంగుల భీముడే నేటి బొమ్మల భీమునికి తాత.

ఉర్దూ సాహిత్యాభిమానులకు దీనికి సాటివచ్చే మరొక ఉదాహరణ తెలిసే ఉంటుంది. అక్బరు చక్రవర్తి సుమారు 1562 నుండి 1577 వరకు హంజానామాకు దాదాపు 1,400 చిత్రాలు వేయించాడు. మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్సమద్ అనే పారశీక చిత్రకారుల పర్యవేక్షణలో ఆ పని సాగినది. అవి చేతిలో పట్టుకొని చదువుకునే పుస్తకపు బొమ్మలు కావు. నూలుగుడ్డమీద పెద్దపెద్దగా వేసినవి. కథ వెనుకవైపున రాసి ఉండేది. చిత్రాన్ని సభకు చూపుతూ కథను వినిపించడానికి అనువైన ఏర్పాటు అది. వాటిలో రెండువందలకు లోపుగానే నేటికి మిగిలినవి.

ఈ హంజా కథ మన గడ్డకు కూడా చాలకాలం క్రిందటే వచ్చినది. 1612లో హాజీ కిస్సాఖ్వాన్ హమదానీ అనే పారశీక కథకుడు హంజా కథల ప్రతులతో హైదరాబాదు చేరి, గోల్కొండ దర్బారు ఆశ్రయంలో దానిని మరల గ్రంథస్థం చేశాడు. అప్పటికి హైదరాబాదు నగరం పుట్టి ఇరవై ఏండ్లు మాత్రమే.

భీముడు, బకాసురుడు

అదే హైదరాబాదులో 2001లో రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ అనే బొమ్మల చిత్రాల సంస్థను స్థాపించారు. ఆ సంస్థ రూపొందించిన 'ఛోటా భీమ్' 2008లో పోగో టెలివిజన్ ఛానలులో ప్రారంభమై దేశంలోని పిల్లలందరికీ పరిచితుడయ్యాడు. 2012 మే నెలలో 'ఛోటా భీమ్ అండ్ ది కర్స్ ఆఫ్ దమ్యాన్' అనే చిత్రం సినిమాహాళ్లకు వచ్చినది. అందులో దమ్యాన్ అనే దుష్టశక్తిని ఎదిరించడానికి బాలభీముడు మిత్రులతో కలిసి వేయి సంవత్సరాల వెనుకటి కాలానికి వెళతాడు. ఈ భీముడు ధోలక్‌పూర్ అనే కల్పిత రాజ్యంలోని బాలుడే కాని పాండవుడైన భీముడు కాడు. అయినా పేరు, బలం, భోజనప్రీతి ఆయన నుండి వచ్చినవే.

మరి ఆ మూలపురుషుని కథలో రాక్షసవధ ఎలా జరిగినది? నన్నయ తెలుగు చేసిన ఆదిపర్వంలోనే బకాసురుని కథ ఉన్నది. ఏకచక్రపురంలో ప్రజలు వంతు ప్రకారం బండెడు అన్నం, రెండు దున్నలు, ఒక మనిషిని బకునికి పంపాలి. పాండవులకు ఆశ్రయమిచ్చిన పేద బ్రాహ్మణుని ఇంటికి ఆ వంతు వచ్చినది. నేను పోతానంటే నేను పోతానని తండ్రి, తల్లి, కూతురు ఒకరినొకరు వారించుకుంటూ ఏడుస్తారు. అప్పుడు మాటలు సరిగా రాని పసివాడు ఒక గడ్డిపరక చేతబట్టి, దీనితోనే ఆ రాక్షసుని చంపుతానంటాడు. అంతటి దుఃఖంలోనూ ఆ ఇంటివారికి నవ్వు వస్తుంది.

నా దృష్టిలో ఈ ఘట్టమంతటిలో మొదటి వీరుడు ఆ పసివాడే. నేటి బాలవీరులందరి చేతిలోనూ ఉన్నది ఆ గడ్డిపరకయే. తరువాత కుంతి తన కుమారుని పంపుతుంది. భీముడు వెళ్లి, బకుని కోసం తెచ్చిన అన్నం తానే తిని, వానిని వధిస్తాడు. ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటున్నది. ఆ వంతు భీమునిది కాదు. ఇతరుల వంతును తన వంతుగా స్వీకరించడంలోనే ఆయన వీరత్వం ఉన్నది. బలం దానికి సాధనం మాత్రమే. మరొక అంశం తరచుగా మరుగున పడుతుంది. బకుడు చచ్చిన తరువాత వాని పరివారం భయంతో వస్తే భీముడు వారిని చంపలేదు. మనుష్యులను హింసించబోమని మాట తీసుకొని విడిచిపెట్టాడు.

కాఫ్ పర్వతంలో అమీర్ హంజా

దాస్తాన్-ఎ-అమీర్ హంజా కథానాయకునికి చరిత్రలోని హజ్రత్ హంజా పేరు పెట్టినప్పటికీ, ఆ సాహసగాథలు కథకుల కల్పనలని మొదటనే చెప్పుకోవాలి. ఈ కథలో కాఫ్ పర్వతంలోని పరీల రాజైన షాహ్‌పాల్‌మీద దేవ్‌లు తిరుగుబాటు చేస్తారు. దేవ్ అంటే మన రాక్షసుని వంటివాడు. రాజు కోరగా హంజా సాయం పోతాడు. పదునెనిమిది దినాలలో తిరిగి వస్తానని వెళ్లినవాడు పదునెనిమిది సంవత్సరాలు అక్కడ చిక్కుకుంటాడు. ఇక్కడ కూడా ఆ పోరు హంజాది కాదు. ఇతరుల ఆపదను తన తలకెత్తుకున్నాడు. దానికి ఆయన చెల్లించిన మూల్యం తన జీవితంలోని పదునెనిమిదేండ్లు.

రెండు సంప్రదాయాలకూ మరొక పోలిక ఉన్నది. రాక్షసులను వధించే భీముడే హిడింబను వివాహమాడాడు, ఘటోత్కచుని కన్నాడు. దేవ్‌లను జయించే హంజాయే ఆస్మాన్ పరీని వివాహమాడాడు. ఆయనకు నమ్మకమైన వాహనం అష్కర్ దేవ్‌జాద్ అనే మూడు కన్నుల గుర్రం. దేవ్‌జాద్ అంటే దేవ్‌కు పుట్టినవాడని అర్థం. కురుక్షేత్రంలో అర్జునుని కోసం కర్ణుడు దాచుకున్న శక్తిని తన ఎదపై భరించి నేలకొరిగినవాడు రాక్షస పుత్రుడైన ఘటోత్కచుడే. ఇతరుల వంతును స్వీకరించేవాడు వీరుడైతే ఆ గుణం రాక్షస వంశంలోనూ పుట్టినది.

రాక్షసత్వం ఎక్కడున్నది?

దీనినిబట్టి ఒక సత్యం తేలుతున్నది. మన పెద్దల కథలలో రాక్షసత్వం పుట్టుకలో లేదు, నడవడిలో ఉన్నది. బకుడు రాక్షసుడైనది రూపం వలన కాదు, ఊరిని వంతులు వేసి తిన్నందువలన. అతడు అలా తినగలగడానికి ఆ దేశపు రాజు దుర్బలుడు కావడం కూడా కారణమని ఆ బ్రాహ్మణుడే వాపోతాడు. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'మాయాబజార్' చూసినవారెవరూ ఎస్.వి. రంగారావు ధరించిన ఘటోత్కచుని చూసి భయపడలేదు. మన ఇంటివాడుగా ప్రేమించారు.

నేటి బొమ్మల చిత్రాలలో ఈ సూక్ష్మం కొంత తగ్గినదని చెప్పక తప్పదు. దుష్టుడు తెరమీదికి వచ్చేసరికే నల్లని ముఖం, ఎర్రని కన్నులు, వికటమైన నవ్వు. వాడు ఎందుకలా అయ్యాడన్న ప్రశ్నకు చాలామార్లు తావు ఉండదు. వీరునికి లడ్డు తింటే బలం వస్తుంది, ఆ బలంతో దుష్టుడు పడిపోతాడు. పసివారికి లడ్డు ముచ్చటైనదే. కాని ముఖం చూసి దుష్టుని గుర్తుపట్టడం నేర్చిన పిల్లవాడు వీధిలో కూడా వేషం చూసి, భాష విని, పేరు అడిగి మనుషులను విభజించడం నేర్చుకునే ప్రమాదం ఉన్నది. అట్టి విభజన వలన కలిగే బాధ ఏమిటో ఇటువంటి కళాశాలలో చదివేవారికి ఒకరు వివరించనక్కరలేదు. చిత్రనిర్మాత దుష్టునికి ఒక్క నిమిషం గతాన్ని చూపితే చాలు. అంటే 1,440 బొమ్మలు. అంత వ్యయం వృథా కాదు.

మన కర్తవ్యం

విద్యార్థి మిత్రులారా! వికారాబాదు, తాండూరు ప్రాంతం కథలకు పేదది కాదు. ఇక్కడ తెలుగు, ఉర్దూ ఒకే వీధిలో వినబడతాయి. తాండూరు దాటి కొంతదూరం పోతే కన్నడం ఎదురువస్తుంది. ఒక ఇంట్లో అవ్వ భీముని కథ చెబితే, ప్రక్క ఇంట్లో నానీ దేవ్, పరీల కిస్సా చెబుతుంది. ఈ కథలను వారి నోట విని, వారి మాటలలోనే వ్రాసి ఉంచండి. తెలుగు విద్యార్థి ఉర్దూ కథను, ఉర్దూ విద్యార్థి తెలుగు కథను సేకరిస్తే మరింత మేలు. చిత్రలేఖనంలో అభిరుచి ఉన్నవారు వాటిని బొమ్మలుగా గీయవచ్చును. ఆ విద్య నేర్చినవారికి నేడు జీవనోపాధి కూడా ఉన్నది. కళాశాల కమిటీ పెద్దలు ఈ సేకరణకు గ్రంథాలయంలో ఒక అర కేటాయిస్తే అది ముందు తరాలకు నిధి అవుతుంది.

మన అనంతగిరి కొండలలో సన్నని ధారగా పుట్టిన మూసీ హైదరాబాదుకు చేరి నదిగా కనబడుతుంది. మన ఇండ్లలో పుట్టిన కథలు కూడా అలాగే నగరంలోని చిత్రశాలలకు చేరాలి. అప్పుడు తెరమీద నిలిచే వీరుడు ఇతరుల వంతును తనదిగా ఎంచుతాడు. ఎదుట నిలిచినవానిని రాక్షసుడని పిలిచేముందు వాడు చేసిన పని ఏమిటని అడుగుతాడు. అట్టి వీరుని చూసి పెరిగిన పిల్లలున్న ఊరిలో బకాసురునికి బండి కట్టేవారు ఉండరు.