టీ కొట్టులో ఒక ప్రశ్న

హాలియా నుండి నాగార్జునసాగరమునకు పోవు దారిలో పెద్దవూర ఉన్నది. బస్సు అక్కడ ఆగినంత సేపు దిగి టీ త్రాగుట నాకు పాత అలవాటు. 2019వ సంవత్సరపు వానకాలములో ఒక ఉదయము, కొట్టు ముందరి బల్లమీద కూర్చున్న పెద్దాయన ఒకరు నా చేతిసంచిని, అందులోని పుస్తకములను చూచి, ఉపాధ్యాయుడనని గ్రహించి కాబోలు, "సారూ, గా యురేనియం మళ్ల తవ్వుతరంటున్నరు. తవ్వితే ఏమైతది?" అని అడిగినాడు. నేను నోరు విప్పు లోపలనే నలుగురు నాలుగు జవాబులు చెప్పినారు. గుట్ట బాంబు వలె పేలిపోవునని ఒకరు. ఏమియు కాదు, కరెంటు చవుక అగునని మరియొకరు. అదంతయు ఉత్త మాటయేనని మూడవవారు. నాలుగవవారు మాటాడక, ఫోనులో ఒక భయంకరమైన బొమ్మను చూపినారు. ఆ బొమ్మ ఏ దేశములోని ఏ గనిదో చూపినవారికే తెలియదు. ఇంతలో బస్సు హారను మ్రోగినది. నేను పరుగెత్తి ఎక్కితిని. పెద్దాయనకు జవాబు బాకీ పడితిని.

ఆయన "మళ్ల" అనుటకు కారణమున్నది. పెద్దవూరకు చేరువనే లంబాపురము, పెద్దగట్టు అను ఊళ్లున్నవి. చుట్టును గుట్టలు, తండాలు. ఆ గుట్టల రాతిలో యురేనియము కలదని కేంద్రప్రభుత్వపు అణుఖనిజ శాఖవారు వెదకి తెలిసికొన్నారు. భారత యురేనియము కార్పొరేషనువారు అక్కడ గనులు తెరువ దలచినారు. 2003 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ సభ జరిగినది. అక్కడివారును, బయటినుండి వచ్చిన పర్యావరణవాదులును గట్టిగా అడ్డుచెప్పినారు. గనులు తెరువబడలేదు. పదునారేండ్ల తరువాత నల్లమలలో, అమ్రాబాదు పులుల అడవిలో, యురేనియము అన్వేషణ జరుగునన్న వార్త వచ్చి రాష్ట్రమంతట అలజడి లేచినది. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకముగా తీర్మానము చేసినది. టీ కొట్టులో నేను విన్నది ఆ అలజడి యొక్క చిన్న ప్రతిధ్వని.

ఇక పెద్దాయన ప్రశ్నకు వత్తును. గుట్ట పేలునా? పేలదు. ప్రకృతిలో దొరకు యురేనియములో, సులభముగా విచ్ఛిత్తి చెందు 235 అను రకము నూటికి ఒక పాలైనను లేదు, 0.7 వంతు మాత్రమే. బాంబునకు దానిని ఎన్నో రెట్లు సాంద్రము చేయవలెను. అది గనిలో జరుగు పని కాదు. పైగా గనినుండి వచ్చునది యురేనియము కాదు, రాయి. మన దేశపు ధాతువులో చాలవరకు వెయ్యి పాళ్లకు ఒక పాలు, లేక అంతకంటె తక్కువ యురేనియము ఉండును. కావున మొదటివారి భయము తప్పు.

అయితే రెండవవారి ధైర్యము కూడ తప్పే. కరెంటు మాటకు వచ్చితే, మన దేశములో పుట్టు విద్యుత్తులో అణువిద్యుత్తు పాలు నూటికి ఇంచుమించు మూడు మాత్రమే. ఒక గుట్ట త్రవ్వినంత మాత్రమున మన యింటి బిల్లు తగ్గదు. అసలు చూడవలసినది మిగిలిన పిప్పిని. ఒక టన్ను రాయిని పిండిచేసి, రసాయనములలో నానబెట్టి, ఒక కిలో యురేనియము తీసితిమనుకొందము. తక్కిన తొమ్మిదివందల తొంబదితొమ్మిది కిలోలు ఎక్కడికి పోవును? బురదగా ఒక పెద్ద చెరువులో చేరును. యురేనియము పోయినది గదా అని దానిని మామూలు మట్టి అనుకొనరాదు. ధాతువులోని రేడియోధార్మికతలో నూటికి ఇంచుమించు ఎనుబదియైదు పాళ్లు ఆ పిప్పిలోనే నిలుచును. యురేనియము నుండి తరతరాలుగా పుట్టిన సంతానము, రేడియము మొదలైనవి, దానిలోనే ఉండును. రేడియము సగమగుటకు 1600 ఏండ్లు పట్టును. దాని నుండి పుట్టు రేడాను వాయువు. అది గాలిలో కలియును. కాబట్టి అడుగవలసిన ప్రశ్న గుట్ట పేలునా అని కాదు. ఆ చెరువు ఎక్కడ త్రవ్వుదురు, దాని గట్టును ఎవరు కాతురు, ఎంత కాలము కాతురు అని. లంబాపురము గుట్టలకు కొలది దూరములోనే సాగర జలాశయము ఉన్నది. ఆ వైపుననే అక్కంపల్లి జలాశయము ఉన్నది. అక్కడి నీరు హైదరాబాదు కుళాయిలలోనికి పోవుచున్నది. పాఠకులు పటము తెరచి చూచినచో ఈ ప్రశ్న బరువు తెలియగలదు.

కంటికి కనబడని విషము నల్లగొండవారికి క్రొత్త కాదు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లిగ్రాములు దాటిన ఫ్లోరైడు ఎముకలనేమి చేయునో ఈ జిల్లా ఒడలితోనే నేర్చుకొన్నది. పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి ఫ్లోరైడును విరిచివేయు ఉపాయమును నాగపూరులోని జాతీయ పర్యావరణ సంస్థ 1970వ దశకములో రూపొందించినది. దానికి ప్రపంచమంతట "నల్లగొండ పద్ధతి" అని పేరు. పేరు మనది, దానిని గూర్చిన వ్యాసములు వెలువడినది ఆంగ్లములో. నీరు త్రాగినవారు వాటిని చదివి ఉండరు.

నా మనసులోని అసలు మాట ఇదియే. టీ కొట్టులోని నలుగురు తెలివితక్కువవారు కారు. పత్తికి ఏ తెగులు వచ్చినదో ఆకును చూచి చెప్పగలవారు. యురేనియమును గూర్చి వారికి దొరికినది అభిప్రాయములే. ఆ అభిప్రాయములకు ఆధారమగు కాగితము వారి భాషలో వారి చేతికి రాలేదు.

2003లో సభ జరిగిననాటికి సమాచార హక్కు చట్టము లేదు. అది 2005 అక్టోబరులో అమలుకు వచ్చినది. ప్రాజెక్టు నివేదిక సారాంశమును స్థానిక భాషలో కూడ ఇవ్వవలెనని 2006 నాటి పర్యావరణ ప్రకటనలో వ్రాసినారు. సారాంశము మాత్రమే, పూర్తి నివేదిక కాదు. వందల పుటల నివేదికను నాలుగు పుటలకు కుదించునప్పుడు ఏ పుటలు జారిపోవునో ఊహించుట కష్టము కాదు. 2020లో ఆ ప్రకటనకు బదులుగా క్రొత్త ముసాయిదాను వెలువరించినప్పుడు అది ఆంగ్లములోను, హిందీలోను మాత్రమే వచ్చినది. ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నిటిలోనికి దానిని అనువదింపుమని ఢిల్లీ హైకోర్టు ఆ జూన్ 30న ఆదేశించవలసి వచ్చినది. మరుసటి నెలలో, ఆ ముసాయిదాపై అభ్యంతరములు పంపుడని యువకులు నడిపిన వెబ్‌సైటు ఒకటి కొన్ని దినములు మూతపడినది. భాష ఒక తలుపు, వెబ్‌సైటు ఒక తలుపు. రెండింటిలో ఏది మూసినను లోపలి గది చీకటియే.

మాటకు అనుమతి కావలసిన కాలమును ఈ నేల ఎరుగును. నిజాము రాజ్యములో గస్తీ నిషాన్ 53 అను ఉత్తర్వు సభ జరుపుటకే ముందు అనుమతి కావలెనన్నది. ఆ రోజులలోనే, 1922లో, షబ్నవీసు వెంకటరామ నరసింహారావుగారు నల్లగొండ నుండి "నీలగిరి" అను వారపత్రికను తెలుగులో నడిపినారు. స్వరాజ్యము వచ్చిన తరువాత కూడ చిక్కులు తీరిపోలేదు. సమాచార సాంకేతిక చట్టములోని 66ఏ అను విభాగము, ఇంటర్నెట్టులో "మిక్కిలి నొప్పించు" మాట వ్రాసినవారికి మూడేండ్ల వరకు జైలు విధింపవచ్చునన్నది. ఎంత నొప్పించిన మిక్కిలి అగునో చట్టము చెప్పలేదు. చెప్పు పని ఠాణావారికి మిగిలినది. 2013లో పౌరహక్కుల సంఘపు నాయకురాలొకరు ఫేసుబుక్కులో వ్రాసిన వ్రాతకు అరెస్టయినారు. ఆ విభాగమును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసినది. ఆ దావా వేసినది శ్రేయా సింఘాల్ అను యువతి. విద్యార్థులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

ఆ మరుసటి యేడు మరియొక మేలు జరిగినది. కొన్ని వెబ్‌సైట్లను మాత్రము ఉచితముగా చూపెదమని ఒక పెద్ద కంపెనీ ముందుకు వచ్చినది. ఉచితమన్నచో ఎవరికి చేదు? కాని బీదవాడు ఆ కొన్నింటినే ఇంటర్నెట్టు అనుకొని ఆగిపోవును. ఒకే తీగపై ఒక్కొక్క వెబ్‌సైటునకు ఒక్కొక్క ధర పెట్టరాదని టెలికాం నియంత్రణ సంస్థ 2016 ఫిబ్రవరి 8న నిర్ణయించినది. అంతకు ముందు సంవత్సరము ఆ సంస్థకు పది లక్షలకు పైగా ఉత్తరములు చేరినవి. పెద్దవూర బల్లమీది ఫోనులో మంచిదో చెడ్డదో అన్ని వెబ్‌సైట్లు తెరచుకొనుచున్నవన్నచో ఆ ఉత్తరముల చలవ కొంత ఉన్నది.

తలుపులు తెరచినారు సరే. లోపల తెలుగులో ఏమున్నది? లంబాపురము సభ జరిగిన 2003లోనే, డిసెంబరులో, తెలుగు వికీపీడియా మొదలైనది. జీతము లేని స్వచ్ఛందులు పూనుకొని వ్రాయుచున్న విజ్ఞానసర్వస్వమది. అందులో తప్పులుండవచ్చును, దిద్దుటకు ఎవరికైనను వీలున్నది. బొమ్మను చూపి భయపెట్టుటకు ఒక వ్రేలు చాలును. ఆ బొమ్మ ఎక్కడిదో తెలుగులో వ్రాసి పెట్టుటకు ఒక సాయంత్రము కావలెను. ఆ సాయంత్రము మన భౌతికశాస్త్రపు ఉపాధ్యాయులకు లేదని నేను నమ్మను. నాకును ఉన్నది, నేనును వ్రాయలేదు.

ఆ యేడు దసరా సెలవుల తరువాత పదవ తరగతి పిల్లలకు ఒక పని పెట్టితిని. మీ ఊరిలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినచో ఏమి అడుగుదురో వ్రాయుడంటిని. అభిప్రాయము వద్దు, ప్రశ్న మాత్రమే వ్రాయుడని చెప్పితిని. చాలమంది "ఉద్యోగములు ఎన్ని ఇత్తురు?" అని వ్రాసినారు, అదియు మంచి ప్రశ్నయే. తండా నుండి వచ్చు బాలిక ఒకతె రెండు వాక్యములు వ్రాసినది: "పిప్పి చెరువు కట్ట తెగితే ఆ నీళ్లు ఎటు పోతాయి? ఆ పటము తెలుగులో ఇస్తారా?"

ఆమె నోటుపుస్తకములోని ఆ పుటకు ఫోటో తీసి ఫోనులో ఉంచుకొంటిని. పెద్దవూరలో బస్సు ఆగినప్పుడెల్లను దిగి చూచుచున్నాను. పెద్దాయన ఇంకను కనబడలేదు.