వరి మద్దతు ధర – ప్రపంచ వాణిజ్య చర్చలు

చౌక ధరల దుకాణంలో పేదవానికి అందే బియ్యానికీ, జెనీవా నగరంలో జరిగే వాణిజ్య చర్చలకూ సంబంధమేమిటని విద్యార్థులు అడగవచ్చు. ఆ సంబంధమంతా ఒక లెక్కలో ఇమిడి ఉన్నది. ఆ లెక్కను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ధనిక దేశాలు తమ రైతులకు అపారమైన రాయితీలిచ్చి, మిగులు పంటను కారుచౌకగా విదేశాలకు పంపడం వల్ల ఇతర దేశాల రైతులు నష్టపోయేవారు. దీనిని అరికట్టే ప్రయత్నం 1986లో ఆరంభమైన ఉరుగ్వే దఫా చర్చలలో జరిగింది. 1994లో మొరాకో దేశంలోని మరాకెష్ నగరంలో ఒప్పందం కుదిరింది; 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఆవిర్భవించింది. ధరలనూ ఉత్పత్తినీ ప్రభావితం చేసే రాయితీలను ‘అంబర్ బాక్స్’లోనూ, పరిశోధన, శిక్షణ, ఉత్పత్తితో ముడిపడని ఆదాయ సహాయం వంటివాటిని ‘గ్రీన్ బాక్స్’లోనూ చేర్చారు. మొదటి దానికి పరిమితి ఉన్నది. రెండవ దానికి లేదు.

మన వరి మద్దతు ధర మొదటి కోవకు చెందినది. వర్ధమాన దేశాలు ఒక పంటకిచ్చే ఇట్టి సహాయం సాధారణంగా ఆ పంట మొత్తం విలువలో 10 శాతం మించరాదు. అయితే దానిని కొలిచే విధానం విచిత్రమైనది. నేటి మద్దతు ధర నుండి నేటి అంతర్జాతీయ ధరను తీసివేయరు. 1986-88 నాటి సగటు ధరను తీసివేస్తారు. మిగిలినదానిని మద్దతు ధరకు అర్హమైన ధాన్యం పరిమాణంతో గుణిస్తే వచ్చేదే ‘రాయితీ’. సాధారణ రకం వరికి క్వింటాలు మద్దతు ధర 1986-87లో 146 రూపాయలు. 2025-26లో 2,369 రూపాయలు. ఎరువులు, కూలి, డీజిల్ ఖర్చులు పెరిగినందువల్ల పెరిగిన భాగం కూడా ఈ లెక్కలో రైతుకిచ్చిన దానంగానే కనబడుతుంది. భారతదేశం లెక్కలను డాలర్లలో సమర్పిస్తున్నందున రూపాయి విలువ తగ్గుదల మనకు కొంత కలిసివచ్చింది. అయినప్పటికీ 2018-19లో సుమారు 4,367 కోట్ల డాలర్ల విలువైన వరి పంటకు దాదాపు 500 కోట్ల డాలర్ల సహాయం అందినట్లు తేలి, హద్దు దాటింది.

అప్పుడు మనల్ని కాపాడినది 2013 డిసెంబరులో బాలీ సమావేశం అంగీకరించిన ‘శాంతి నిబంధన’. ఆహార నిల్వల నిమిత్తం అప్పటికే అమలులో ఉన్న పథకాలపై, కొన్ని షరతులకు లోబడి, సభ్యదేశాలు వివాదానికి పోరాదన్నది దాని సారం. శాశ్వత పరిష్కారం లభించే వరకు అది కొనసాగాలని 2014 నవంబరులో నిర్ణయించారు. 2017 నాటికి రావలసిన ఆ పరిష్కారం 2024 అబుదాబి సమావేశంలోనూ కుదరలేదు.

ఎదుటివారి వాదనను కూడా ఆలకించాలి. ప్రపంచంలో అత్యధికంగా బియ్యం ఎగుమతి చేసే దేశం మనదే. మన నిల్వలు విదేశీ విపణికి చేరి తమ రైతుల ధరను పడగొట్టునేమోనని ఇతర ఎగుమతి దేశాల భయం. పేదల కొరకు సేకరించిన ధాన్యం ఎగుమతికి పోరాదన్న షరతు న్యాయమైనదే. కాని మరాకెష్ నాటికే భారీ రాయితీలిస్తున్న దేశాలకు ఆ అలవాటే హక్కుగా సంక్రమించిన సంగతి మరువరాదు. అమెరికాకు ఏటా 1,910 కోట్ల డాలర్ల వరకు అంబర్ రాయితీలిచ్చే వెసులుబాటు ఉన్నది. నాడు ఇవ్వలేకపోయిన పేద దేశాలకు అట్టి హక్కు లేదు.

చర్చలు నిష్ఫలమని నిరాశ చెందనక్కరలేదు. 2015లో నైరోబీ సమావేశంలో ఎగుమతి రాయితీల రద్దుకు దేశాలు అంగీకరించాయి. ఆధార ధరను ఇటీవలి సంవత్సరాల సగటుకు మార్చడమో, ద్రవ్యోల్బణాన్ని మినహాయించడమో చేస్తే ఈ చిక్కు కూడా వీడుతుంది. అధిక ద్రవ్యోల్బణ ప్రభావాన్ని పరిగణించాలని ఆ ఒప్పందంలోని 18వ అధికరణమే చెబుతున్నది.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రైతులకు ధాన్యం కొనుగోలు కేంద్రం ఆధారం. పేద కుటుంబాలకు రేషన్ బియ్యం ఆధారం. ఈ రెండింటి రక్షణ తాత్కాలిక మినహాయింపుపై నిలిచి ఉండరాదు. నలభై ఏళ్లనాటి ధరల పట్టికతో నేటి ధాన్యానికి వెలకట్టడం ఏ అంగడిలోనూ చెల్లదు, జెనీవాలోనూ చెల్లరాదు.