వార్తల్లో పదం: మార్నింగ్ ఆఫ్టర్ పిల్

2025 అక్టోబరు చివర్లో ఇంగ్లండ్ మందుల షాపుల్లో దీన్ని ఉచితం చేయడంతో ఈ పేరు వార్తలకెక్కింది. రక్షణ లేని కలయిక తర్వాత గర్భం రాకుండా వేసుకునే అత్యవసర మాత్ర ఇది. పేరు చూసి తెల్లారేదాకా ఆగనక్కర్లేదు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. ఈ మాత్రల్లో లెవోనార్జెస్ట్రెల్ రకానికి గడువు 72 గంటలు, యులిప్రిస్టల్‌కు 120. రెండూ అండం విడుదలను వాయిదా వేస్తాయి. అది అప్పటికే విడుదలైపోతే పెద్దగా ఫలితం ఉండదు. దీన్ని అబార్షన్ మాత్ర అనుకునేవాళ్లు చాలామంది. కాదు, నిలిచిన గర్భాన్ని ఇది తీసేయదు.

ఇంగ్లండ్‌లో ఫార్మసిస్టు విడిగా మాట్లాడి, వాడుతున్న మందులేమిటో అడిగి ఇస్తారు. మన దగ్గర లెవోనార్జెస్ట్రెల్ 2005 నుంచి చీటీ లేకుండానే దొరుకుతోంది. కాకపోతే చాలాచోట్ల కాగితంలో చుట్టి చేతిలో పెడతారు, అడిగేదీ చెప్పేదీ ఉండదు. వేసుకున్నాక నెలసరి రావాల్సిన రోజుకు వారం దాటినా రాకపోతే గర్భపరీక్ష చేయించుకోవాలి.