బిర్రెక్కిన క్లచ్చు

మోటారు సైకిలు నడిపే మిత్రులకు క్లచ్చు సంగతి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పినట్లే అవుతుందేమో. అయినా సాహసిస్తున్నాను. మన కాలేజీ స్టాండులో నిలబెట్టిన బళ్ళలో ఏ పదింటి క్లచ్చు లీవర్లు నొక్కి చూసినా పదీ పది రకాలుగా ఉంటాయి. ఒకటి వెన్నపూసలాగా వస్తుంది. ఇంకొకటి నాలుగు వేళ్ళూ వేసి, పళ్ళు బిగబట్టి లాగితే తప్ప రాదు. ఆ రెండో బండి యజమానిని అడిగి చూడండి, "ఇది మొదట్నుంచీ ఇంతే అబ్బా" అంటాడు. చాలా బళ్ళ విషయంలో ఇది నిజం కాదు. కొత్తలో ఆ లీవరూ చెప్పినట్టు విన్నదే. రోజుకు వెంట్రుకవాసి చొప్పున బిర్రెక్కుతూ వచ్చింది గనుక చెయ్యి దానికి అలవాటు పడిపోయింది.

నష్టం మణికట్టు నొప్పితో ఆగేదైతే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. తిరుపతిలో బండి ఉన్నవాడు ఏదో ఒకనాడు కొండకు పోక తప్పదు గదా. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి వాడుతున్నారు. ఎక్కేటప్పుడు మలుపులో ముందరి బస్సు నెమ్మదిస్తుంది. మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి గేరు దించాలి. లీవరు బిర్రుగా ఉన్నవాడు పూర్తిగా లాగడు, సగం లాగి గేరును తొక్కుతాడు. గేరు కరకరమంటుంది. లేదా, మళ్ళీ మళ్ళీ లాగడానికి బద్ధకించి అరక్లచ్చులోనే బండిని పైకి ఈడుస్తాడు. లోపల ప్లేట్లు జారి జారి మాడిపోతాయి. చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో మొగిలి ఘాటు, మదనపల్లె దారిలో భాకరాపేట ఘాటు, అక్కడా ఇదే కథ. అంటే బిర్రు ఒక జబ్బు, దానివల్ల పుట్టే మాడు ఇంకొక జబ్బు. మొదటిదానికి వైద్యం చవక, రెండోదానికి ఖరీదు.

అసలు చిక్కు ఏమంటే, మొదటి జబ్బుకు కూడా రెండోదాని వైద్యమే చేసేవాళ్ళు ఉన్నారు. మా మిత్రుడొకడు క్లచ్చు గట్టిగా ఉందని ఒక షెడ్డుకు పోతే, ఇంజను పక్క కవరు ఊడదీసి, ప్లేట్లన్నీ మార్చి, ఒక నెల మెస్సు బిల్లంత డబ్బు తీసుకున్నారు. బిర్రు మాత్రం పోలేదు. తర్వాత ఇంకోచోట వైరు మారిస్తే పోయింది. ఆ ఇంకోచోటు చిత్తూరులో ఒక మేస్త్రి షెడ్డు. సెలవుల్లో నేను అక్కడ కూర్చుని చాలా చూశాను. ఎవరు వచ్చి క్లచ్చు హార్డు అన్నా ఆయనది ఒకటే మాట: "ఇంజను యాడికి పోతాది నాయనా, ముందు వైరు ఊడదీయ్."

ఈ మాటలో ఎంత శాస్త్రం ఉందో తెలియాలంటే లోపల జరిగేది కొంచెం చూడాలి. క్లచ్చు అంటే ప్లేట్ల దొంతర. ఒక రాపిడి ప్లేటు, ఒక ఉక్కు ప్లేటు, మళ్ళీ రాపిడి ప్లేటు, ఇట్లా అట్ల దొంతరలాగా పేర్చి ఉంటాయి. రాపిడి ప్లేట్లు ఇంజనుతో తిరుగుతాయి, ఉక్కు ప్లేట్లు గేరుబాక్సు ఇరుసుతో తిరుగుతాయి. స్ప్రింగులు ఈ దొంతరను అదిమి పట్టినంతసేపూ రెండూ ఒకటిగా పోతాయి. మనం లీవరు లాగితే వైరు ఇంజను దగ్గర ఉండే ఒక చిన్న చేతిని తిప్పుతుంది. ఆ చెయ్యి ఒక రాడ్డును తోస్తుంది, రాడ్డు స్ప్రింగులకు ఎదురు పోయి దొంతరను వదులు చేస్తుంది. ఇక్కడ వేళ్ళు రెండు మూడు అంగుళాలు కదిలితే అక్కడ కదిలేది ఒకటి రెండు మిల్లీమీటర్లు. దూరం పోగొట్టుకుని బలం సంపాదించడం, అంతే.

ఇప్పుడు ఒక ప్రశ్న. ప్లేట్లు అరిగితే లీవరు బరువెక్కుతుందా, తేలికవుతుందా? నూటికి తొంభైమంది బరువెక్కుతుందనే అంటారు. ఆలోచించండి. ప్లేట్లు అరిగితే దొంతర పలచబడుతుంది. దొంతర పలచబడితే దాన్ని అదిమే చుట్ట స్ప్రింగులకు సాగే చోటు దొరుకుతుంది. సాగిన స్ప్రింగు తక్కువ బలంతో నొక్కుతుంది. కాబట్టి మామూలు చుట్ట స్ప్రింగులున్న బండిలో ప్లేట్లు అరిగితే లీవరు ఒక పిసరు తేలిక కావాలే గాని బిర్రెక్కడానికి వీల్లేదు. వేడికి స్ప్రింగులు కుంగినా అంతే. కార్లలో మాత్రం దీనికి తలకిందులు. అక్కడ ఉండేది పళ్ళెంలాంటి డయాఫ్రం స్ప్రింగు. ప్లేటు అరిగేకొద్దీ అది కూర్చునే తీరు మారి పెడలు బరువెక్కుతుంది. కారు మెకానిక్కుల మాట బైకు షెడ్లలోకి వచ్చి ఈ అపోహ పుట్టిందేమోనని నా అనుమానం.

ఇక వైరు సంగతి. ఉక్కు తీగల పురిని ఒక గొట్టంలో దూర్చి, గొట్టాన్ని నిలిపి పురిని లాగే ఈ ఉపాయానికి బౌడెన్ కేబులని పేరు. ఎర్నెస్ట్ బౌడెన్ అనే ఆయన 1896లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. దీని గొప్ప ఎన్ని వంపులైనా తిరిగి పోవడం. దీని లోపమూ ఆ వంపుల్లోనే ఉంది.

మన పల్లెల్లో కోడెదూడను కట్టేటప్పుడు చూసే ఉంటారు. పలుపును గుంజకు రెండు చుట్లు తిప్పి పట్టుకుంటే పదేళ్ళ పిల్లవాడు కూడా కోడెను నిలపగలడు. వాడి బలం కాదది, గుంజకూ పలుపుకూ మధ్య రాపిడి బలం. చుట్లు పెరిగేకొద్దీ ఆ బలం కూడికగా కాక గుణకారంగా పెరుగుతుంది. క్లచ్చు వైరులో కూడా ఇదే లెక్క, కాకపోతే ఇక్కడ రాపిడి మనకు శత్రువు. ఇంజను దగ్గరి చేతిని తిప్పడానికి 10 కిలోల లాగుడు కావాలనుకుందాం. హ్యాండిలు నుంచి ఇంజను దాకా వైరు తిరిగే వంపులన్నీ కలిపితే 180 డిగ్రీలనుకుందాం. వైరు శుభ్రంగా ఉండి రాపిడి గుణకం 0.1 అయితే లీవరు కొసన సుమారు 14 కిలోలు లాగాలి. దుమ్ము పట్టి, తుప్పు పట్టి గుణకం 0.3కు చేరితే అదే పనికి 26 కిలోలు కావాలి. దానికి తోడు వైరును అడ్డదిడ్డంగా తిప్పి వంపులు 270 డిగ్రీలు చేస్తే 41 కిలోలు! స్ప్రింగు మారలేదు, ప్లేట్లు మారలేదు, ఇంజను మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు. అయినా బరువు మూడు రెట్లయింది. ఫిజిక్సు చదివే మిత్రులు 'ఇ' టు ది పవర్ మ్యూ తీటా వేసి సరిచూసుకోవచ్చు.

మన ఊళ్ళో ఈ గుణకం పెరగడానికి కావలసినవన్నీ ఉన్నాయి. ఎండాకాలం దుమ్ము, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. దీనికి మనం చేసే సేవ ఏమంటే సర్వీసింగులో ప్రెజరు నీళ్ళతో హ్యాండిలు కొసలు కడిగించడం. ఆ నీరు గొట్టంలోకి దిగి, బయటికి వచ్చే దారి లేక అక్కడే కాపురం పెడుతుంది.

పరీక్ష ఎట్లా చెయ్యాలి? మొదటి పరీక్షకు పానా కూడా అక్కర్లేదు. ఇంజను ఆపి, హ్యాండిలు నిటారుగా ఉంచి క్లచ్చు లాగండి. తర్వాత పూర్తిగా ఎడమకు తిప్పి, పూర్తిగా కుడికి తిప్పి లాగండి. మూడు చోట్లా ఒకే బరువుంటే మంచిదే. ఒక పక్కకు తిప్పినప్పుడు బిర్రు మారితే వైరు పోయే దారిలో తప్పుంది. ఎక్కడో ట్యాంకు కింద నలుగుతోంది, లేదా కొసన విరిగినట్టు వంగుతోంది. షోకు కోసం ఎత్తు హ్యాండిలు వేయించి పాత వైరే ఉంచుకున్న బళ్ళలో ఇది తరచుగా కనిపిస్తుంది.

రెండో పరీక్షే మేస్త్రి చెప్పింది. హ్యాండిలు దగ్గరి అడ్జస్టరును, దాని లాకునట్టును పూర్తిగా లోపలికి తిప్పి, వాటి గాళ్ళను లీవరు గాడితో ఒకే వరసకు తెస్తే వైరు కొసన ఉండే నిప్పిలు బయటికి వచ్చేస్తుంది. ఇప్పుడు ఉత్త లీవరును ఊపండి. తలుపు రెక్కలాగా ఆడాలి. ఆడకపోతే దాని ఇరుసు బోల్టు ఎండిపోయి ఉంటుంది, లేదా ఎవరో అతిగా బిగించి ఉంటారు. విప్పి, తుడిచి, కొంచెం గ్రీజు పెడితే సరి. ఆ తర్వాత ఇంజను వైపు కొసను కూడా తప్పించి, వైరును చేతుల్లో పట్టుకుని లోపలి తీగను ఇటూ అటూ జరపండి. రెండు వేళ్ళతో జారాలి. నిటారుగా పట్టినప్పుడు జారి, బండి మీద ఉన్నట్టు వంచి పట్టినప్పుడు పట్టేస్తే, దొంగ దొరికినట్టే.

వైరుకు నూనె పట్టించే పద్ధతి మనవాళ్ళకు తెలిసిందే. పై కొసకు ప్లాస్టిక్ కవరుతో చిన్న గరాటు చుట్టి, పలచని ఆయిలు పోసి, రాత్రంతా వేలాడదీస్తే తెల్లారేసరికి కింది కొసన చుక్కలు పడతాయి. మొదట పడే చుక్కలు ఎర్రగానో నల్లగానో ఉంటే లోపల ఏముందో మీకే తెలుస్తుంది. అయితే గ్రీజు మాత్రం వద్దు. దుమ్ముతో కలిసి అది ముద్ద కడుతుంది. లోపల నైలాను, టెఫ్లాను పూత ఉన్న ఇప్పటి వైర్లకు నూనె అసలే వద్దని కొన్ని కంపెనీలు చెబుతాయి. బండితో వచ్చిన పుస్తకం చూసుకోండి. ఏది ఏమైనా తీగ పోగు ఒక్కటి తెగి ఉన్నా నూనెతో పని లేదు, మార్చవలసిందే.

లీవరు విషయంలో ఒక చిన్న లెక్క మిగిలింది. పడిపోయి విరిగినప్పుడు చేతికి దొరికిన లీవరు వేయించుకుంటాం. పాతదానిలో ఇరుసు నుంచి నిప్పిలు దాకా 24 మిల్లీమీటర్లు, కొత్తదానిలో 27 అనుకోండి. చూపుకు తేడా తెలియదు. మీ వేళ్ళకు మాత్రం బరువు ఎనిమిదో వంతు పెరుగుతుంది.

వైరు, లీవరు రెండూ మంచివే అని తేలితే అప్పుడు ఇంజను దగ్గరికి పోదాం. అక్కడ కూడా మొదట చూడవలసింది కవరు బయట ఉండే చిన్న చేతినే. లీవరు సగం లాగినప్పుడు ఆ చెయ్యి వైరుకు లంబంగా ఉండాలి. తలుపును అంచున తోస్తే తేలిగ్గా కదులుతుంది గదా, ఏటవాలుగా తోస్తే? అట్లాగే కోణం 45 డిగ్రీలకు పడిపోతే బరువు ఒకటిన్నర రెట్లకు కొంచెం తక్కువగా పెరుగుతుంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఈ చెయ్యి కూర్చునే చోటు మారుతుంది. దాన్ని సరిచెయ్యడానికి చాలా బళ్ళలో ఇంజను దగ్గర ఒక స్క్రూ ఉంటుంది. దాని జోలికి పోకుండా హ్యాండిలు దగ్గరి అడ్జస్టరునే మళ్ళీ మళ్ళీ తిప్పుతూ పోతే కోణం చెడుతుంది. రెండూ సరిచేశాక లీవరు మొదట్లో రెండు మూడు మిల్లీమీటర్ల వదులు మిగలాలి.

అప్పటికీ పోకపోతేనే కవరు విప్పాలి. తోసే రాడ్డు కొస కొట్టుకుని పుట్టగొడుగులా పరుచుకుని ఉండొచ్చు, చెయ్యి తిరిగే చోట తుప్పు ఉండొచ్చు. అన్నిటికంటె ఎక్కువగా, అంతకు ముందెవరో క్లచ్చు జారుతోందని గట్టి స్ప్రింగులు వేసి ఉండొచ్చు. జారుడుకు కారణం అరిగిన ప్లేట్లో, వదులు లేకుండా బిగించిన వైరో, బైకుకు పనికిరాని కారు ఆయిలో అయి ఉంటుంది. జాసో ఎం.ఏ. అని రాసి ఉన్న ఆయిలు పోయడం మాని గట్టి స్ప్రింగులు వెయ్యడం, చెప్పు కరిస్తే కాలు కోసుకోవడం లాంటిది.

క్లచ్చు బరువును తగ్గించాలని కంపెనీలు చాలా పాట్లు పడ్డాయి. మైసూరులో 1961 నుంచి 1996 దాకా తయారైన జావా, యెజ్డీ బళ్ళలో గేరు తొక్కితే క్లచ్చు దానంతట అదే వదులయ్యే ఏర్పాటు ఉండేది. లీవరు బండి కదిలించేటప్పుడు మాత్రం కావాలి. ఇప్పటి కొన్ని బళ్ళలో అసిస్ట్ క్లచ్చు వచ్చింది. ఇంజను లాగుడే ప్లేట్లను అదిమేటట్టు వాలు గాళ్ళు చెయ్యడం వల్ల మెత్తటి స్ప్రింగులు సరిపోతాయి. గేర్లు లేని స్కూటరువాళ్ళకు, కరెంటు బండివాళ్ళకు ఈ వ్యాసంతోనే పని లేదు.

ఘాటు దిగేటప్పుడు, బిర్రుగా ఉన్నా మెత్తగా ఉన్నా, క్లచ్చు పట్టుకుని జారవద్దు. పెట్రోలు కలిసొస్తుందని కొందరు అట్లా చేస్తారు. ఇంజను పట్టు పోతే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. కాగి కాగి అవి మలుపు దగ్గర మాట వినవు.

ఎక్కే ముందు చూడవలసింది వేరే. బిర్రెక్కిన వైరు తెగే ముందు సూచన ఇస్తుంది. నిన్న సరిచేసిన వదులు ఇవాళ మళ్ళీ పెరిగి ఉంటే తీగ సాగడం లేదు, నిప్పిలు మెడ దగ్గర పోగులు ఒకటొకటిగా తెగుతున్నాయి. నిప్పిలు తన గుంటలో తిరగక బిగిసిపోతే తీగ ప్రతిసారీ అదే చోట వంగి తెగుతుంది. అక్కడ వేలితో తడిమి చూడండి, ముల్లులా గుచ్చుకుంటే ఆ రోజు కొండ మానుకోండి. ఎక్కేది ఒకవైపు దారి, మధ్యలో తెగితే వెనక్కి తిరగడానికి లేదు. దూరప్రయాణాలు చేసేవాళ్ళు కొత్త వైరును పాతదాని వెంబడే దూర్చి, రెండు కొసలకూ ప్లాస్టిక్ చుట్టి కట్టి ఉంచుకుంటారు. తెగినచోటే బండి పక్కకు తీసి, పది నిమిషాల్లో కొసలు మార్చుకుని పోతారు.