వాడ బడికి ఏ సాధనం?

భాగ్యరెడ్డి వర్మ 1906లో హైదరాబాదులో జగన్మిత్ర మండలిని స్థాపించిన కాలానికి ఆయన చేతిలో ఉన్న ప్రసార సాధనం హరికథ. అక్షరం అందని వాడలను ఆయన చెవి ద్వారా చేరుకున్నారు. అంతకు ముందే, 1855లో, జోతిబా ఫూలే శ్రామికుల కోసం రాత్రిబడి తెరిచారు. బడి గోడల వెలుపల యువతను కూడగట్టడం బహుజన ఉద్యమాలకు పాత పనే. ఇప్పుడు ఆ పనికి యాప్‌లు, వాట్సాప్ బృందాలు వచ్చి చేరాయి. వాటిని కులంతో సంబంధం లేని వస్తువులుగా చూడటం దగ్గరే నాకు పేచీ.

75వ జాతీయ నమూనా సర్వే ప్రకారం 2017-18లో కంప్యూటర్ ఉన్న గ్రామీణ కుటుంబాలు 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. చవక డేటా వచ్చాక పరిస్థితి చాలా మారింది, నిజమే. అయితే ఇంటికి ఒక్క ఫోనుంటే అది పగలు కూలికి వెళ్లే తండ్రి జేబులోనో, అన్న చేతిలోనో ఉంటుంది. ఇంటర్ చదివే చెల్లెలికి రాత్రి భోజనాలయ్యాక, అందరూ చూస్తుండగా దొరుకుతుంది. సాయంత్రం ఆరింటికి ఆన్‌లైన్ తరగతి పెట్టేవారు ఆమెను ముందే మినహాయించినట్లు.

ఇంకొకటి, వాట్సాప్ బృందంలో చేరిన అమ్మాయి నంబరు సభ్యులందరికీ కనబడుతుంది. ఇంటిపేరుతోనే కులం ఆరా తీసే ఊళ్లో ఇది చిన్న విషయం కాదు. అర్ధరాత్రి ఫోన్లు మొదలైతే ఇంట్లోవాళ్లు ముందుగా మాన్పించేది ఆమె చదువునే. నంబరు బయటపెట్టకుండా పేరుతో సంభాషించే వీలును సిగ్నల్ 2024లో తెచ్చింది. మన ఊళ్లలో సిగ్నల్ ఎవరు వాడతారంటారా? న్యాయమైన ప్రశ్నే. కనీసం అమ్మాయిలకు వేరే బృందం, దానికి వారిలో ఒకరే అడ్మిన్: దీనికి పైసా ఖర్చు లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఉదాహరణ బెంగళూరు సుదర్శన్ లేఔట్ బస్తీలోని అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు అక్కడ గ్నూ/లినక్స్ నేర్పారు. బస్తీ పిల్లలు జింప్‌తో బొమ్మలు గీశారు. లైసెన్సు కొనాల్సిన పని లేని సాఫ్ట్‌వేర్ కాబట్టి నేర్చుకున్నవారు దాన్ని మరొకరికి నిరభ్యంతరంగా పంచవచ్చు. ఇంటర్నెట్ లేకుండానే పాఠాలు నడిపే కోలిబ్రీ కూడా ఉచితమే, పాత కంప్యూటర్లపైనా పనిచేస్తుంది. విదేశాంగ శాఖ వెబ్‌సైటులో అంబేడ్కర్ రచనల ఆంగ్ల సంపుటాలు ఉచితంగా ఉన్నాయి; ఒక మెమొరీ కార్డులో వాడంతటికీ చేర్చవచ్చు.

దీనికి భిన్నంగా, నేను చూసిన అనేక పథకాల్లో యాప్ ప్రధాన ప్రయోజనం హాజరు ఫొటోలు పైకి పంపడమే. పాఠం గంటయితే ఫొటోల తంతు అరగంట. పిల్లల ముఖాలు, పేర్లు ఎక్కడికి వెళ్తున్నాయో కార్యకర్తకే తెలియదు. 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల ధ్రువీకృత సమ్మతి కావాలని 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చెబుతోంది. వాడలో ఆ సమ్మతి అడిగినవారిని నేను చూడలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2013 నాటి ఉపప్రణాళిక చట్టం, తెలంగాణలో 2017 నాటి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉన్నాయి. ఆ నిధులతో ప్రతి కాలనీ అంబేడ్కర్ భవనంలో రెండు కంప్యూటర్లు, ఒక ఆఫ్‌లైన్ గ్రంథాలయం అడగాలి. భవనం తాళం, కంప్యూటర్ పాస్‌వర్డ్ కాలనీ యువజన సంఘం దగ్గరే ఉండాలని, ఆ సంఘంలో సగం మంది అమ్మాయిలు ఉండాలని కూడా ఆ దరఖాస్తులోనే రాయాలి.