గార్ల స్టేషన్లో కెమెరా పెడితే

పల్లెటూరి సినిమా అనగానే మన దర్శకుల్లో చాలామంది ఒకే మూట విప్పుతారు. లంగా ఓణీ, గళ్ల లుంగీ, భుజాన తువ్వాలు. కథ కోనసీమలో జరిగినా, మానుకోట (మహబూబాబాద్) పక్కన జరిగినా అదే మూట.

మహబూబాబాద్ జిల్లా గార్లనే తీసుకోండి. కాజీపేట నుంచి డోర్నకల్ పోయే రైలు దారిలో ఉంటుంది. చుట్టూ లంబాడీ తండాలు, బయ్యారం వైపు కోయగూడేలు, కాస్త దూరంలో ఇల్లెందు బొగ్గు గనులు. ఆ ప్లాట్‌ఫారం మీద ఒక్క సీను తీయాలన్నా దుస్తుల వాళ్లు ముందు అడగాల్సింది ‘ఏ సంవత్సరం?’ అనే. 1970ల కథయితే తండా ఆడవాళ్లు అద్దాలు కుట్టిన పేటియా (లంగా), కాంచళి (రవిక), తలమీద టుక్రీ ముసుగుతో రైలెక్కుతారు. ఇవాళ్టి కథలో ఆ వేషం ముసలమ్మలకే పరిమితం. కోడళ్లవి చీరలు, మనవరాళ్లవి చుడీదార్లు. మోచేతి పైన వేసుకునే తెల్ల గాజులు పెళ్లయినవాళ్లకు గుర్తు. చూడ్డానికి బాగున్నాయని పెళ్లికాని పిల్లకు తొడిగితే తండా అంతా నవ్వుతుంది.

ఇంత పట్టింపుతో పని చేసినవాళ్లు మనకు లేకపోలేదు. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ నిజాం కాలపు గడీ కథ. దొరసాని వెంట అరణంగా, అంటే పెళ్లి కానుకగా, వచ్చిన కమలాక్షి బతుకు అది. సినిమాలో మాటలు బహు తక్కువ. ఎవరు ఎవరికి లోబడి ఉన్నారో కట్టూబొట్టూ చూసే తెలుసుకోవాలి. ఆ చిత్రానికి 5 జాతీయ పురస్కారాలొచ్చాయి. వాటిలో మూడు: ఉత్తమ నటి అర్చన, కళా దర్శకత్వానికి చిత్రకారుడు తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. ఈ సుదర్శన్ మిర్యాలగూడ డ్రాయింగ్ మాస్టారు! ఆ తర్వాత ఆయన ‘దాసి సుదర్శన్’గానే జనానికి తెలుసు.

పల్లె దుస్తుల్లో అసలు కష్టం కొత్తదనాన్ని చంపడం. టీ డికాషన్లో నానబెడతారు, గరుకు కాగితంతో రుద్దుతారు, రోజుల తరబడి ఎండలో వేస్తారు. అయితే ఎక్కడపడితే అక్కడ చింపితే అది పేదరికం కాదు, వేషం. బస్తాలు మోసేవాడి చొక్కా భుజం దగ్గర చిరుగుతుంది. నాట్లేసే ఆమె చీరకు మోకాళ్ల కిందే బురద మరకలుంటాయి.

పనిని బట్టి బట్టలు మారాలనడానికి ‘లగాన్’ సినిమా ఓ ఉదాహరణ. అందులోని క్రికెట్ జట్టులో కుమ్మరి, కమ్మరి, కట్టెలు కొట్టేవాడు, కోళ్లు పెంచేవాడు ఉంటారు. 1893 నాటి ఆ ఊరికి దుస్తులు రూపొందించినందుకు భాను అథయ్యాకు జాతీయ పురస్కారం దక్కింది. అంతకు చాలా ముందే, ‘గాంధీ’ చిత్రానికి ఆమె ఆస్కార్ కూడా అందుకుంది.

గార్ల కథ రాసుకునే దర్శకులకు ఒక మనవి. హైదరాబాద్‌లో బట్టలు అద్దెకు తెచ్చేముందు తండాలో ఇంకా కాంచళి కుట్టే అవ్వను వెతికి పట్టుకోండి. ఆమె అడిగిన కూలి ఇవ్వండి, తెరమీద ఆమె పేరు వేయండి.